బండి వణుకు

"ఆంటీ, ఈ బానెట్ లోపల అడ్డంగా బిగించిన పైపు ఏంటి? మా కార్లో ఇలాంటిది లేదే."

అదా… అది నేనే పెట్టిన బిడ్డా. ఔ, నేనే. నవ్వుతవేంది మౌనికా? ఆ స్టూలు ఇటు జరుపుకొని కూసో. మీ అంకుల్ పండుకున్నడు, లేసేదాక మనకేం పని లేదు.

చెప్పాలంటే మా నాయిన కాడికెళ్లి చెప్పాలె. జగిత్యాలల మా నాయినది వెల్డింగ్ షెడ్డు, ట్రాక్టర్ ట్రాలీలు చేస్తుండె. మాకు అన్నదమ్ములు లేరు, అక్క, నేను అంతే. అక్కకు పొగ పడకపోయేది. నేను నాయిన ఎనుక నిలవడి నిలవడి రాడ్డు పట్టుడు నేర్చుకున్న. అప్పుడు ట్రాలీ చేస్తె ఎంతిస్తుండ్రి… ఎనిమిది వందలా? కాదు కాదు, ఎనిమిది వందలు చక్రాలకే అయితుండె. ఎంతో, యాదికి లేదు. ఈ పెర్త్‌కొచ్చినంక గూడ అదే అక్కరకొచ్చింది. ఇదే కానింగ్ వేల్‌ల, ఇనుప గేట్లు చేసే ఫ్యాక్టరీల పదిహేడేండ్లు చేసిన. ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ఏం చెప్తున్న… ఆ, పైపు.

ఈ బండి మీ అంకుల్‌ది. మేం కొన్నప్పుడే ముసల్ది, ఎన్కట ఈడనే తయారైన సెడాన్. స్టీరింగ్ ఇంకెవ్వర్ని ముట్టనియ్యకపోయేది. ఆదివారం ఆర్వో, మధ్యాహ్నాన్ని గట్లనే అంటరు గద ఈడ, అన్నం తిన్నంక బ్రూక్‌టన్ ఊరి దిక్కు తీస్కపోతుండె. ఆడ పని లేదు, సుట్టాలు లేరు. ఊకెనే పోవుడు, ఏడనో ఆపి ఫ్లాస్కుల చాయ్ తాగుడు, వచ్చుడు.

ఒక యాడాది స్టీరింగ్ వణుకుతుంది అన్నడు. మట్టి రోడ్డు ఎక్కితె చాలు, బానెట్ అదురుతుండె. నిజమే అది. ఈ పాత బండ్లకు కింద లారీకి ఉన్నట్టు గట్టి చాసీ ఉండది, రేకే బలం. ముందు చక్రాల స్ప్రింగులు వచ్చి ఈ రెండు దిమ్మెలకు ఆనుతయి, ఇగో, ఇటొకటి అటొకటి. ఏండ్లు గడిస్తె దేని దారి దానిదే అన్నట్టు ఊగుతయి. మూల కాడ చీలిక గూడ వచ్చింది, ఎంటిక మందం.

గని నాకు ఇంకోటి గూడ కనబడ్డది. సాసర్ మీద కప్పు పెడ్తుంటె కటకట సప్పుడు. అంగి గుండీలు పెట్టుకునుడు చానసేపు. అడిగితె, "బండి నడిపి నడిపి చేతులకు ఆ అదురు పట్టింది" అన్నడు. డాక్టర్ దగ్గరికి పోదాం అంటె, "ముందు బండి మంచిగ కానీ" అన్నడు. నేను గూడ… అబద్ధమెందుకు, అది బండిదే కావాలని నాకు గూడ ఉండె.

ఈ గ్యారేజీలనే రెండు శనివారాలు పట్టింది. చీలిక మూసిన. దిమ్మెల కాడికెళ్లి ఇంజన్ ఎనుక రేకు గోడకు రెండు కడ్డీలు, దిమ్మెకు దిమ్మెకు నడుమ ఈ పైపు, కింద ఒక అడ్డపట్టీ. జాకీ మీద లేపి కొలవొద్దు, ఎర్కనా? బండి తన బరువు మీద తను నిలవడ్డప్పుడే కొలవాలె, లేకుంటె దించంగనే లెక్క తప్పుతది. నాయిన గట్లనే చెప్తుండె. రేకు పల్చన, ఒక్కతీరుగ కాలిస్తె వంకర పోతది. ఇంత అతికియ్యాలె, సల్లారనియ్యాలె, మల్ల ఇంత. ఆ షట్టర్ కిందికెళ్లి ఎండ లోపటికొస్తుండె, పొగ అండ్ల నీలంగ తిరుగుతుండె. ఆ వాసనకు నేను పెర్త్‌ల ఉన్ననో, జగిత్యాలల ఉన్ననో… ఇప్పటికీ గట్లనే అయితది నాకు.

మీ అంకుల్ టార్చి పట్టిండు. ఆ ఎలుగు ఒక్క కాడ నిలుస్తలేదు. కొంచెంసేపటికి ఆయనే టార్చిని మడ్‌గార్డు మీద పెట్టి, చేతులు జేబులల్ల పెట్టుకున్నడు.

ఆదివారం పోయినం. మట్టి రోడ్డు మీదికి మళ్లిచ్చిండు. ఎంత మంచిగ పోయింది బిడ్డా, నీళ్ల మీద పడవ పోయినట్టు. బానెట్ కదల్లే. డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి చూసిన, ఇంజన్ సప్పుడు తప్ప ఏం లేదు. సంబురంగ ఆయన దిక్కు తిరిగిన. స్టీరింగ్ నిమ్మళంగ ఉంది. దాని మీద ఆయన ఎడమ చెయ్యి బొటనేలు కొట్టుకుంటనే ఉంది. ఆయన గూడ దాన్నే చూస్తుండు.

మెల్లగ ఫెన్సింగ్ పక్కకు ఆపిండు. ఇంజన్ బంద్ చేసిండు.

"బండి మంచిగైంది" అన్నడు.

"అయింది" అన్న.

"నీ పనిల తప్పు లేదు."

నాకు ఏడుపొచ్చింది. గింత మంచిగ ఎందుకు చేసిన అనిపిచ్చింది. ఏడనన్న జర తప్పు పోతె, ఇంకో నెల బండిదే అనుకుంట ఉంటుంటిమి.

ఆయన దిగి నా దిక్కు వచ్చి, డోర్ తీసి, తాళంచెయ్యి నా చేతుల పెట్టిండు. "నువ్వు నడుపు" అన్నడు. నాకు లైసెన్స్ ఉండె, ఫ్యాక్టరీకి నా చిన్న కారుల పోతుంటి. గని దీన్ని ఎన్నడు నడపలే.

కొంతదూరం ఆయన రోడ్డునే చూసిండు, లేని బ్రేకును కాలుతోని తొక్కుకుంట. తర్వాత అద్దం దించిండు. కనోలా, మన ఆవాల తీరు పంట, అది పూసే దినాలు, ఎటు చూసినా పసుపు.

"ఇన్నేండ్లు ఇవి ఇట్లనే ఉన్నయా?" అన్నడు.

"ఉన్నయి. నువ్వు రోడ్డు చూస్తుంటివి."

"మరి చెప్పకపోతివి."

"ప్రతి యాడాది చెప్పిన."

నవ్విండు. నేను గూడ నవ్విన, ఏడ్సుకుంటనే.

తెల్లారి డాక్టర్ దగ్గరికి పోదాం అని ఆయనే అన్నడు. గోళీలిచ్చిండ్రు. పోయే జబ్బు కాదన్నరు, నిదానంగ నడిచేదన్నరు. ఏడేండ్లయింది. కొన్ని దినాలు చెంచ నేనే పట్టాలె. ఆదివారం మాత్రం తప్పం. ఇయ్యాల గూడ పోతం, గందుకే బానెట్ లేపి రేడియేటర్ల నీళ్లు చూస్తున్న. మొన్నయితె అద్దానికి తల ఆనిచ్చి, "కోరుట్ల ఇంకెంత దూరం?" అని అడిగిండు. మా అత్తగారి ఊరు అది. ఏమంట నేను… "దగ్గరికొచ్చినం, నువ్వు పండుకో" అన్న. సిన్న పిలగాని తీరు నిద్ర పోయిండు. నేను ఇంటి మలుపు కాడ మలపకుంట, ఇంకో సుట్టు తిరిగొచ్చిన.

అదో, దగ్గిండు, లేసినట్టుంది. నువ్వు గూడ పో బిడ్డా, నీకోసం మీ ఆయన చూస్తుంటడు. నిండు నూరేండ్లు ఇద్దరు సల్లగుండుండ్రి, ఒకల చెయ్యి ఒకలు ఇడవకుండ్రి… ఆ, వస్తున్న, వస్తున్న… సెప్పులు ఆడనే ఉన్నయి, మంచం కింద…