మానుకున్నవారికీ ఒక గడి

1991 జూన్ 17న మా వైద్యశాల రక్తపరీక్షా విభాగంలో సహాయకురాలిగా అడుగుపెట్టిన శ్రీమతి బి. జయంతి గారు, ముప్పైనాలుగేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తొలినాళ్ళలో సూది చూస్తేనే వారికి కళ్ళు తిరిగేవట! వారే చెప్పి నవ్వుతారు కనుక ఇక్కడ రాయడానికి జంకు లేదు.

2004లో వ్యసన చికిత్సా విభాగానికి బదిలీ అయ్యారు. తరువాత మద్యవ్యసనంలో వంశపారంపర్యం పాత్రపై పరిశోధన ఆరంభమైనప్పుడు, చుట్టుపక్కల ఊళ్ళలో ఏంబలం మొదలు కాలాపేట దాకా ఇల్లిల్లూ తిరిగి, రక్తనమూనాలతోపాటు మూడు తరాల కుటుంబ వృత్తాంతాలను ఓర్పుతో సేకరించారు. కుటుంబానికొక పటం, మనిషికొక గడి. తాగుడు అలవాటైనవారి గడిని నల్లగా నింపడం మా పద్ధతి.

ఆ పద్ధతే ఒకనాడు కొంప ముంచింది. తేంగాయితిట్టు రేవులో చేపల వ్యాను నడిపే వీరాసామి, ఇంకొక్కసారి తాగితే కాలేయం నిలవదని డాక్టర్లు తేల్చి చెప్పాక చికిత్సకు చేరాడు. తొమ్మిదో రోజున బల్లమీద తన కుటుంబ పటం అతని కంటబడింది. తాత, తండ్రి, చిన్నాయన, తాను, అందరూ నలుపే.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? రక్తంలోనే ఉండాదంటే ఇంక మీ మాత్రలు ఏందికక్కా?" అని లేచి వెళ్ళిపోయాడు.

పటాన్ని బల్లమీద వదిలింది తామేనని జయంతి గారికి ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు ఆ పటం పట్టుకుని, చేపల వేలం ముగియకముందే తేంగాయితిట్టు చేరారు. వీరాసామి మొహం తిప్పుకున్నాడు. అతని తల్లి కన్నియమ్మాళ్ మాత్రం ఏ గడి ఎవరిదో అడిగి తెలుసుకుని మండిపడింది.

"ఇదేంది పాపా! నా మరిది మానేసి పద్దెనిమిదేండ్లాయె. అది రాయలేదే?"

"తాగేవాడా అని అడిగినాం గానీ, మానేసినాడా అని అడగలేదమ్మా. తప్పు మాదే."

అక్కడే మంచుపెట్టె మీద పటం పరిచి, చిన్నాయన గడి పక్కన మరో గడి గీసి 'మానుకున్నారు' అని రాశారు. "రక్తం దావ చూపిస్తుంది వీరాసామీ, నడిచే కాలు నీదే. మీ చిన్నాయనదీ ఆ రక్తమే గదా!" అన్నారు. అతడు వచ్చి వారి ఆటోలో కూర్చున్నాడు.

పరిశోధన ఆర్నెల్లు వెనకబడుతుందని పైవారు విసుక్కున్నా పట్టు వదలక, నాలుగు వందల కుటుంబాలనూ మళ్ళీ కలిసి ఆ ఒక్క ప్రశ్న అడిగివచ్చిన దీక్షాపరులు జయంతి గారు. మానుకున్నవారు ప్రతి ఊళ్ళోనూ కనిపించారు.

వీరాసామి ఆ తరువాత రెండుసార్లు జారాడు. రెండుసార్లూ తనంతట తానే వచ్చి చేరాడు. ఇప్పటికి నాలుగేళ్ళుగా ముట్టలేదు. విరమణ వార్త విని మొన్న వచ్చి, "నువ్వు పోతే నేనెవురి దగ్గరికి వచ్చేదక్కా?" అని గుమ్మంలోనే ఏడ్చేశాడు. వారు తమ ఇంటికి దారి చెప్పి పంపారు.

జయంతి గారికి చక్కని ఆరోగ్యమూ, కంటినిండా నిద్రా, సుదీర్ఘమైన ఆయుష్షూ కలగాలని మేమందరం మనసారా కోరుకుంటున్నాము. ఆ ఇంటి తలుపు తట్టడానికి వీరాసామి కూడా అంతకాలమూ బతికుండాలని కోరుకుంటున్నాము.