పది పాయింటు రెండు

ఫైనల్ పరీక్షలు ఇంకో వారంలో ఉన్నాయి. ల్యాబులోంచి అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, ఎర్రసిరాతో సున్నా పడిన తన రికార్డు పుస్తకాన్ని ఆ అమ్మాయి కెమిస్ట్రీ మాస్టారి ముందు టపీమని పెట్టింది.

“‘కెమిస్ట్రీలో మెరుగుపడాలి’ అని రాశారు. ఎలాగో మీరే చెప్పండి సార్.”

“క్లాసంతా రీడింగు పది పాయింటు రెండు అని రాస్తే, నీకొక్కదానికే తొమ్మిది పాయింటు నాలుగా?”

“నేను యాసిడ్ పోసి చూశాను సార్. వాళ్ళు మా అక్క పాత రికార్డు చూసి దింపేశారు.”

“మీ అక్కకి ఇరవైకి ఇరవై వచ్చాయి.”

“అది మూడేళ్ళ కిందటి యాసిడ్. ఇది మొన్న కలిపింది. రెండింటికీ ఒకే రీడింగు ఎలా వస్తుంది? మూడుసార్లు చేశాను. చేసినదానికి సున్నా, చూసి రాసినవాళ్ళకి ఇరవయ్యా?”

“గొంతు తగ్గించు! నాకే పాఠం చెబుతావా?”

“చెప్పను. మీరే చేసి చూపించండి.”

మాస్టారు విసురుగా చొక్కా చేతులు మడిచి, గీతలున్న బ్యూరెట్ గొట్టం నింపి, చుక్కచుక్కగా యాసిడ్ వదిలారు. ఫ్లాస్కులో గులాబీ రంగు మాయమైంది. ఆయన వంగి గీత చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

“ఎంత సార్?”

“తొమ్మిది పాయింటు నాలుగు.”

“అయితే నా సున్నా కొట్టేయండి.”

“కొట్టేస్తాలే. ఫైనల్లో మాత్రం బుద్ధిగా పది పాయింటు రెండే రాయి. మార్కులు వేసేవాళ్ళ దగ్గర కూడా ఆ పాత లెక్కే ఉంటుంది.”

ఆ అమ్మాయి రికార్డు తీసి చంకలో పెట్టుకుంది.

“ఇంతకీ నేను మెరుగుపడాల్సింది కెమిస్ట్రీలోనా సార్, కాపీ కొట్టడంలోనా?”