వంటింటి గోడకు మేకు

ఏమి కార్తీశ్వరీ, ఆ గోడను అట్లా తడుముతున్నావు? స్విచ్చి ఈడ, గ్రైండరు ప్లగ్గు ఆడ, మధ్యలో వైరు ఎట్ల పోయిందనా? స్విచ్చి నుంచి నిలువుగా పైకి, పైన అడ్డంగా, మళ్ళీ ప్లగ్గు మీదికి నిలువుగా. ఆ దారి విడిచి ఎక్కడైనా మేకు కొట్టుకో. అది నీ మొగుడి అవ్వ సుబ్బమ్మాళ్ పెట్టించిన దారి. నాకు వదిన. నువ్వు చూసుండవు. ఫోటోలో చూసినా అంటావా, అది ఆమె కాదులే, ఆ ఫోటో తీసినోడు ఎవరినో తెల్లగా చేసి ఇచ్చినాడు.

సరే, కూర్చో, చెప్తా. గృహప్రవేశానికి ఈ ఇంట్లో పాలు కాచే ముందురోజు. వదిన పుట్టిల్లు కయత్తారు నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చింది. అప్పుడు ఆడ గాలిమరలు యాడివి, ఒట్టి ఎండ. వంటింట్లోకి పోయి చూస్తే గోడ నున్నగా పూసి, సున్నం కొట్టి, పసుపు కుంకుమ కూడా పెట్టేసినారు. వైర్‌మేన్ మునియాండిని పిలిచి, "లోపల వైరు ఎట్ల పోయింది?" అంది. "ఐమూలగా లాగేసినా అక్కా, దగ్గరదారి," అన్నాడు వాడు, ఏదో మేలు చేసినట్టు. వదిన మొహం మారిపోయింది. "రేపు ఎవరైనా మేకు కొడితే? ఐమూలగా పోయిందని ఎవరికి తెలుస్తుంది? పగలగొట్టు!" మా నాయన రామానుజం నాయుడు విరుదునగర్‌లో మిరపకాయలు అమ్మి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుగుతున్నాడు. గొంతు కూడా మిరపకాయే. "పసుపు పెట్టిన గోడ పాలు కాచే ముందు పగలగొడతారా? మా కోడలు ఇంజనీరింగు ఎప్పుడు చదివిందిరా?" చుట్టాలంతా నవ్వినారు. మా అన్న తల దించుకున్నాడు, పాపం, ఆయనకు అదొక్కటే చేతనవును.

వదిన బయటికి పోయి కొంచెంసేపటికి వచ్చింది. చేతిలో సుత్తి, మేకు, కడలమిట్టాయి, అదే పల్లీపట్టి, అమ్మే కొట్టోళ్ళు ఇచ్చిన క్యాలెండరు. "సరే మామా, పగలగొట్టొద్దు. రేపటికి ఇది తగిలించాల. మీ చేత్తో మీరే కొట్టండి. కరెంటు నిన్ననే ఇచ్చినారు కదా." నవ్వులు ఆగిపోయినాయి. నాయన వెనక్కి పోయే మనిషా? మేకు గోడకు ఆనించినాడు. కొంచెం ఎడమకు జరిపినాడు. మళ్ళీ పైకి. "ఈడ కొట్టొచ్చునారా?" అని మునియాండిని చూసినాడు. వాడు చెమట తుడుచుకుంటా, "పెద్దాయనా... ఆ పక్కనో... ఈ పక్కనో... మరిచిపోయినా," అన్నాడు. నాయన సుత్తి ఎత్తినాడు. "తొందరేమీ లేదు మామా," అంది వదిన, మెల్లగా. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. మేకు కొన కింద సున్నం రాలతా ఉంది. చివరికి సుత్తి దించి, "ఫ్యూజు పీకి పగలగొట్టండిరా," అన్నాడు.

"నేను పీకుతా," అని వదిన మీటరు దగ్గరికి పోయింది. ఆడోళ్ళకేం చేతనవుతుందని నేనూ వెనకే పోయినా. చూస్తే ఫ్యూజు ఉండే చోటు ఖాళీ! కొంగు ముడి విప్పి, అందులోనుంచి తెల్ల పింగాణీ ఫ్యూజు తీసింది. నన్ను చూసింది. లోపలికి పోయి, "ఇదో మామా, పీకేసినా," అంది.

తర్వాత నాయన బతికినన్నాళ్ళూ ఊరంతా చెప్పుకున్నాడు, "ఐమూలగా వైరు పోతే నేను ఒప్పుకుంటానా? నేనే పగలగొట్టించినా!" అని. అన్నం ముందు ఆ మాట ఎత్తినప్పుడల్లా వదిన మజ్జిగ పోస్తా, "అవును మామా," అనేది. నా వైపు మాత్రం చూసేది కాదు.