ఆ గుర్తుల మధ్య

బాయిలర్ పేలి చనిపోయిన కార్మికుడి భార్య, ఇంగ్లీషు పత్రిక ఆఫీసులో సబ్ ఎడిటర్ బల్ల ముందు నిలబడి ఉంది. చేతిలో నిన్నటి పేపరుంది.

“మా అమ్మాయి చదివి చెప్పింది సార్. ‘కంపెనీ తప్పేం లేదు, మా ఆయనే చూసుకోలేదు’ అని నేనన్నానట.”

“కొటేషన్ మార్కుల్లో ఉందంటే మీరన్నదేనమ్మా. ఇంగ్లీషులో అది నియమం. మనిషి నోట వచ్చిన మాటే, పొల్లుపోకుండా వేస్తాం.”

“మీ విలేకరి వచ్చేసరికి నేను శవం పక్కన కూర్చుని ఉన్నాను. నాకు నోరు పెగల్లేదు. గడగడా మాట్లాడింది కంపెనీ మేనేజరు.”

“మీ తరఫున చెప్తున్నాడనుకుని ఉంటాడు మావాడు.”

“నష్టపరిహారం అడగడానికి వెళ్తే, ఇప్పుడా పేపరే చూపించి, కంపెనీవాళ్లు నన్ను గేటు దగ్గర్నుంచే పొమ్మన్నారు.”

“అయ్యో. సరే, రేపు సవరణ వేద్దాం. అసలు మీరేమన్నారో చెప్పండి, రాసుకుంటాను.”

“ఏమీ అనలేదని చెప్పాను కదా సార్. నా పేరు రాసి, ఆ గుర్తులు పెట్టి, మధ్యలో ఖాళీ వదిలేయండి.”

“ఖాళీగా ఎలా వేస్తామమ్మా? చదివేవాళ్లు నవ్వరూ?”

“నవ్వితే నవ్వనీయండి. నిన్న చదివినవాళ్లంతా నమ్మారు.”