పాదానికి తెలిసే దారి

తిరువూరులో జానీబాషా రాళ్ల కొట్టుకి వచ్చిన సరోజినీదేవి, అతను చూపించిన నున్నటి తెల్లరాయి మీద చెప్పులు విడిచి నడిచి చూసింది.

“ఇది జారుతోందండి, వద్దు.”

“తోటలో చూడ్డానికి బాగుంటుందమ్మా.”

“మా ఆయనకి షుగరు వల్ల చూపు పోయిందండి. నా చెయ్యి పట్టుకోకుండా మల్లెపాదు దాకా వెళ్లాలని ఆయన పట్టుదల.”

బాషా గరుకు కడపబండలు నాలుగు వరసగా పరిచి, చివర గులకరాళ్లు పోశాడు.

“దారంతా బండలేయించండమ్మా. మలుపులో గులకరాళ్లు పోయించండి. అవి తగిలితే తిరగాలని సారుకే తెలుస్తుంది.”

ఆమె కళ్లు మూసుకుని నడిచింది. గులకరాళ్లు తగలగానే పక్కకి తిరిగింది.

“రేపే పంపించండి” అంది, కళ్లు తెరవకుండానే.