పనయ్యాక ఇస్తానన్న చక్రం

నా పేరు, మా ఆయన పేరు పై కాగితంలో రాసుకున్నారు. వయసు యాభై ఎనిమిది. లారీ సీట్లకు రెగ్జిన్ కవర్లు కుట్టడం నా పని. అందుకే లారీలు బాగుచేసే షెడ్ల వీధిలో నన్నందరూ రెగ్జినమ్మ అంటారు. చదివింది ఐదో తరగతి వరకే. నేను చెబుతుంటే పోలీసు స్టేషన్లో రాసే ఆయన ముందొక కాగితం రాశారు. చదివి వినిపించమంటే అందులో "దొంగిలించితిని" అని ఉంది. ఆ మాట నేను అనలేదు. నా చేత్తో నేనే రాస్తానని ఆఫీసరు గారిని అడిగాను. ఆయన సరేనని కాగితాలూ పెన్నూ ఇచ్చారు. తప్పులుంటే మన్నించాలి.

బుధవారం మధ్యాహ్నం షెడ్డులోంచి లారీ స్టీరింగు తీసుకెళ్ళింది నేనే. చక్రం, దాని కింది గొట్టం, గొట్టానికున్న తాళం, వేలాడే వైర్లు, అన్నీ కలిపే తీసుకెళ్ళాను. ఎవరూ సాయం చెయ్యలేదు, ఎవరూ నేర్పించలేదు. ఈ సంగతి ముందే రాసేశాను కాబట్టి మిగతాది నిదానంగా రాస్తాను.

ఆ లారీ మా అబ్బాయిది. నాకు ఒక్కడే కొడుకు. బండి పాతది, వాడు కొనేటప్పటికే పాతది. వాడు ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోయేవాడు, అందుకని లోడింగు వాళ్ళు నిద్రబాబు అని పేరు పెట్టారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్లు వరసగా ఆగుతాయి. వీడు చక్రం మీద తల ఆనించి పడుకునేవాడు. వరస కదిలితే వెనక బండి వాళ్ళు హారన్ కొట్టి లేపేవాళ్ళు. ఈ ఎండలు మొదలైనప్పుడు ఒకరోజు అలాగే పడుకున్నాడు. వరస కదిలింది. నిద్రబాబును పాపం పడుకోనివ్వండని వెనక వాళ్ళు పక్కనుంచి ముందుకు వెళ్ళిపోయారు. వాళ్ళను నేనేమీ అనను, మంచి మనసుతోనే వెళ్ళారు. సాయంత్రం గేటు మూసే ఆయన వచ్చి భుజం కుదిపితే లేవలేదు. గుండె ఎప్పుడో ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

ఆ ఫోను కోడలికి వచ్చింది. మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నా కుట్టు మిషను, వెనక గది వాళ్ళది. నేను మిషను తొక్కుతున్నాను, కాబట్టి వెనక గదిలో ఫోను మోగిన సంగతే నాకు తెలియదు. ఆస్పత్రిలో వాడి చొక్కా కోడలికిచ్చారు. గడియారం కోడలికిచ్చారు. చెప్పులు కూడా కోడలికే ఇచ్చారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. సంబంధం ఏమిటని నర్సమ్మ అడిగితే తల్లినని చెప్పాను. భార్య ఉంది కదా, ఆమె సంతకం చాలు అంది. వాణ్ణి మాకు అప్పగించిన కాగితం మీద కూడా కోడలి సంతకమే. నన్నెవరూ అడగలేదు.

నీకు కోడలంటే కుళ్ళా అని ఆఫీసరు గారు అడిగారు. కుళ్ళే. అది ఈ బుధవారం పుట్టింది కాదు.

పెళ్ళి కాకముందు మా అబ్బాయి మా వీధి మలుపు తిరుగుతూ హారన్ ఒక్కటి పొడుగ్గా కొట్టేవాడు. అమ్మా వచ్చాను, స్నానానికి నీళ్ళు పెట్టు అని దానర్థం. వాడు బండి ఆపి లోపలికి వచ్చేసరికి నీళ్ళు కాగేవి. పెళ్ళయ్యాక చిన్నవి రెండు కొట్టడం మొదలుపెట్టాడు. రెండు కొడితే కోడలు లేస్తుంది. కొన్నాళ్ళు నేనూ లేచి, మళ్ళీ మిషను ముందు కూర్చునేదాన్ని. తర్వాత లేవడం మానేశాను.

మా కోడలు పొడుగు మనిషి, మా వాడు ఆమె చెవి దాకానే వచ్చేవాడు. లారీ నడపడం నేర్పమని అడిగిందట. సెలవు రోజుల్లో ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో నేర్పేవాడు. ఒకసారి భోజనం పట్టుకెళ్ళి నేను చూశాను. ఆమె చేతుల మీద వాడి చేతులు వేసి చక్రం తిప్పిస్తున్నాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. గిన్నె బంపరు మీద పెట్టి వచ్చేశాను. నన్ను వాడు ఆ సీట్లో కూర్చోబెట్టింది ఒక్కసారే. అది కూడా బండి ఆగి ఉండగా, చక్రానికి తొడుగు కొలత తీసుకోవడానికి.

ఆ తొడుగు నేను కుట్టిందే. నల్ల రెగ్జిన్, ఎర్ర దారం. కుడిపక్క వాడి బొటనవేలు రాసుకుని రాసుకుని చిరుగు పడింది. ముక్క వేసి కుడతాను పట్రారా అన్నాను. "వద్దమ్మా, అది నా వేలికి ఇల్లు. నువ్వు తలుపు కుట్టేస్తే అదెక్కడికి పోతుంది?" అన్నాడు. అందుకని కుట్టలేదు.

వాడు పోయాక కోడలు బండి అమ్మలేదు. లైసెన్సు ఉంది కాబట్టి తనే నడుపుతానంది. ఈ నెలాఖరు లోపల బండి గేటు దగ్గరికి వస్తే వరసలో నిద్రబాబు చోటు ఆమెకే ఇస్తామని, రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పారు. అయితే బండిలో స్టీరింగు మార్పించాలని షెడ్డుకు తీసుకెళ్ళింది. ఈ సంగతి ఇంట్లో ఉన్న నాకు చెప్పలేదు. సీటు కవరు కోసం వచ్చిన షెడ్డు మేస్త్రీ మాటల్లో బయటపెట్టాడు. పాత చక్రం ఆవిడ చేతికి దూరమవుతోందట, పైకీ కిందికీ వంగే కొత్తరకం గొట్టం పాత సామాన్ల దుకాణంలో దొరికిందట, దాన్ని వేస్తున్నాడట. అంత పొడుగు మనిషికి చెయ్యి అందకపోవడమేమిటని ఆ రోజు నాకు తట్టలేదు. కొత్త చక్రం కావాల్సి వచ్చిందా మహారాణికి, అనే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆమెను అడిగాను. పాత చక్రం నాకిచ్చెయ్యి అన్నాను.

"పనయ్యాక ఇస్తాను అత్తయ్యా" అంది.

నాకది ఇవ్వనన్నట్టే వినిపించింది. వాడికి సంబంధించి నాకు అందినవన్నీ ఆమె పనయ్యాకే అందాయి, చావు కబురుతో సహా.

బుధవారం మధ్యాహ్నం షెడ్డు వాళ్ళంతా భోజనానికి వెళ్ళాక నేను వెళ్ళాను. చూసి వద్దామనే వెళ్ళాను. పొద్దున్నే పాత స్టీరింగు ఊడదీసి ఉంచారు. కొత్తదాన్ని బల్ల మీద గుడ్డ పరిచి పెట్టారు. మా వాడిదాన్ని అరిగిపోయిన టైర్ల పక్కన, నూనె మరకల నేల మీద, చక్రం బోర్లించి గోడకు ఆనించారు. వాడి నుదురు ఆనిన వైపు నేలకుంది. టైర్ల పక్కన పెట్టారంటే పారేసినట్టే కదా అనుకున్నాను. రెగ్జిన్ చుట్టలు మోసే నా తోపుడుబండి మీద పెట్టి, పైన రెగ్జిన్ కప్పి తోసుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాను. దారిలో టీ కొట్టతను పలకరించాడు. ఏమిటి రెగ్జినమ్మా, లోపల బిడ్డ ఉన్నట్టు అంత జాగ్రత్తగా తోస్తున్నావు అన్నాడు. నేను బండి ఆపలేదు.

మిషను కింద, చుట్టల వెనక పెట్టాను. గొట్టం చివర వైర్ల గుత్తి వేలాడుతోంది, దాని చివర తెల్ల ప్లగ్గు. అది మాటిమాటికీ మిషను తొక్కుడు పలకకు చుట్టుకుంటోంది. నాకు కావలసింది చక్రం. వైర్లు నాకెందుకని రెగ్జిన్ కత్తెరతో గొట్టం మొదటికంటా కోసేశాను. దారపు పోగు కూడా పారేసే అలవాటు నాకు లేదు. అందుకని ఆ వైర్ల గుత్తిని ప్లగ్గుతో సహా ముక్కల సంచిలో వేశాను. ఆ రాత్రి దీపం ఆర్పాక కింద పడుకుని, చిరుగులో నా బొటనవేలు పెట్టుకున్నాను. నా వేలికి అది వదులు.

మర్నాడు పొద్దున మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. స్టీరింగు పోయింది, చెత్త ఏరుకునే వాళ్ళెవరో ఎత్తుకుపోయారు అన్నాడు. కొత్తది ఉంది కదా, పాతది పోతే ఏమిటి అని కోడలు అడిగింది. అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. బండిలో మిగిలిన ప్లగ్గు పాతరకం. కొత్త గొట్టంతో వచ్చిన ప్లగ్గు దాంట్లో దూరదు. పాత స్టీరింగు ప్లగ్గును జానెడు వైరుతో కోసి, రంగు చూసి రంగుకు కొత్తదాని వైర్లతో అతకాలి. అది లేకపోతే తాళం తిప్పినా బండి స్టార్ట్ కాదు, ఇండికేటరు వెలగదు, హారన్ మోగదు. అంత పాత ప్లగ్గు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు. ప్లగ్గు లేకుండా నేరుగా కలిపెయ్యొచ్చు కదా అని కోడలు అడిగింది.

"కలుపుతానమ్మా. రేపు బండికి నిప్పంటుకుంటే, ముందు నువ్వు దూకు, తర్వాత నన్ను తిట్టు" అన్నాడు.

వాళ్ళు గుమ్మంలో మాట్లాడుకుంటున్నారు. ముక్కల సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది. వాళ్ళకు కావలసింది నాకు అక్కర్లేదు, నాకు కావలసింది వాళ్ళకు అక్కర్లేదు. అది నాకు అప్పుడే అర్థమైంది. సంచిలో చెయ్యి పెట్టి ఇచ్చేస్తే అయిపోయేది. ఇవ్వలేదు. బండి కదలకపోతే ఆమె ఆ సీట్లో కూర్చోదు కదా అనుకున్నాను. ఈ మాట రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

మేస్త్రీ వెళ్ళాక కోడలు అడిగింది, మీరేమైనా చూశారా అత్తయ్యా అని. నేను చూడలేదన్నాను. నా మొహంలోకి చూసింది. ఇంకేమీ అడగలేదు. మిషను పక్కనుంచే లోపలికి వెళ్ళింది. శుక్రవారం ఫిర్యాదు ఇచ్చింది. అందులో ఎవరి పేరూ రాయలేదని ఆఫీసరు గారు నాకు చూపించారు. ఈ రోజు పొద్దున టీ కొట్టతను చెప్పగా కానిస్టేబులు మా ఇంటికి వచ్చాడు. చుట్టలు జరిపి నేనే చూపించాను.

స్టేషన్లో స్టీరింగును ఆఫీసరు గారి బల్ల మీద పెట్టారు. మేస్త్రీ అటూ ఇటూ తిప్పి చూసి, దీని వైర్ల తోక ఏది పెద్దమ్మా అన్నాడు. ఇది మీదేనా, పట్టుకుని చూసి చెప్పండి అని ఆఫీసరు గారు కోడలిని పిలిచారు. ఆమె బల్ల దాకా వచ్చి, చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. మాదేనండి, ముట్టుకోలేను అంది. ఎందుకని ఆయన అడిగారు. ఆమె నా వైపు తిరిగి చెప్పింది.

"చెయ్యి వేస్తే ఆ చిరుగులో నా వేలు పడుతుంది అత్తయ్యా. ఎన్నిసార్లో సీటెక్కాను, ఎన్నిసార్లో దిగిపోయాను. ఇది ఉంటే నేను బండి నడపలేను. చెయ్యి అందట్లేదని మేస్త్రీకి అబద్ధం చెప్పాను."

"నేనూ అనుకున్నాను, తాటిచెట్టంత మనిషికి అందకపోవడమేంటా అని" అన్నాడు మేస్త్రీ. అంతలోనే తల దించుకున్నాడు.

అప్పుడైనా నా మనసు కరిగిందని రాయాలని ఉంది గానీ, అప్పుడూ నాకు కుళ్ళే వచ్చింది. ఆ చిరుగులో వేలు పెట్టి నేను నిద్రపోగలిగాను. ఆమె ముట్టుకోనైనా లేకపోతోంది. అయితే బాధ ఎవరికెక్కువ అని కొలవడం మొదలుపెట్టాను. కొలతలు నా పని. ఎంతసేపు కొలిచినా ఇది తేలలేదు. ఆమె గోడకు ఆనుకుని, చక్రం కనబడకుండా కిటికీ వైపు చూస్తోంది. ముక్కల సంచిలో ఉంది, ఎర్ర రెగ్జిన్ కింద చూడండి అని చెప్పాను.

కానిస్టేబులు వెళ్ళి సంచి తెచ్చాడు. మేస్త్రీ ఆ వైర్లు బల్ల మీద పరిచి, ఏ రంగూ పోలేదని చూసుకున్నాడు. "జానెడు చాలు పెద్దమ్మా, నువ్వు మూరెడు ఉంచావు. నేను కూడా ఇంత తిన్నగా కొయ్యలేను" అన్నాడు. రేపు సాయంత్రానికి పని పూర్తి చేసి, ఎల్లుండి బండి గేటుకు పంపిస్తానన్నాడు.

కోడలు కేసు వద్దంది. వద్దన్నా జరిగింది రాసి ఇవ్వాలని ఆఫీసరు గారు చెప్పారు. మరి ఈ స్టీరింగు ఎవరికి అప్పగించాలని అడిగారు.

"అత్తయ్యకే. పనయ్యాక ఇస్తానని చెప్పాను కదండీ" అంది కోడలు.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. సోమవారం నుంచి బండి తిప్పుతాను, మలుపులో హారన్ ఒక్కటే పొడుగ్గా కొట్టనా అత్తయ్యా అని అడిగింది. నాకూ వాడికీ మధ్యే ఉందనుకున్న సంగతి వాడు ఆమెకూ చెప్పాడన్నమాట. చివరికి అది కూడా.

"వద్దు, రెండే కొట్టు. ఒక్కటి కొడితే నేను లేచి నీళ్ళు పెట్టేస్తాను" అన్నాను.

"రెండు కొడితే లేచేదాన్ని నేనే కదా. ఇంక ఇంట్లో ఎవరు లేస్తారు?" అంది.

తలుపు తీసి ఉంచుతానులే, వెళ్ళు, అన్నాను.

ఇందులో ఉన్నది నేను చేసింది, చూసింది, విన్నది. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. మొదటినుంచి చివరిదాకా నేనే చదువుకుని చూసుకున్నాను, నిజమే ఉంది. ఆఫీసరు గారు వేలిముద్ర వేస్తే చాలని సిరా డబ్బా నా ముందుకు జరిపారు. వద్దన్నాను. మా అబ్బాయికి సంబంధించిన కాగితాల్లో నన్ను అడిగిన కాగితం ఇదొక్కటే. అందుకని సంతకమే పెడుతున్నాను.

(సంతకం)
సంబంధం: తల్లి