జపాన్ సిరాకి పదిహేను రోజుల పరీక్ష

పెన్నుల డాక్టరు నోరు మూయించగల మనిషి ఇంకా పుట్టలేదని దర్జీ అంటూ ఉంటాడు. పుట్టినవాళ్లందరి పేర్లూ రాసే మనిషే ఆ ఉదయం టీకొట్టు బెంచీ మీద ఎదురుగా కూర్చుందని డాక్టరుగారు కాస్త గమనించుకుని ఉండాల్సింది. కానీ గమనించడమనేది నోరు ఖాళీగా ఉన్నవాళ్లు చేసే పని.

ఆవిడ ఆయనకి స్వయానా వదిన. జనన మరణాల ఆఫీసులో రిజిస్టరు రాసే గుమాస్తా. మొన్న వానల్లో పైకప్పు కారి ఒక పేజీ తడిసి, నలభై మంది పసివాళ్లు పుట్టనట్టే అయిపోయారు. తల్లులు ఆస్పత్రి కాగితాలు పట్టుకుని వరసగా వచ్చి "మా బిడ్డని ఏం చేశావమ్మా?" అని నిలదీస్తే, తప్పు కప్పుదైనా తల వంచుకున్నది వదిన. ఇంకొక్క పేజీ చెరిగితే ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారని పై అధికారి కాగితం మీద రాసిచ్చాడు. అందుకని ఆఫీసు జపాన్ సిరా ఒక సీసా తెప్పించింది. నీళ్లకి నిలుస్తుందా, పేజీ వెనక్కి దిగుతుందా, ఎంతసేపట్లో ఆరుతుంది, చూసి చెప్పమని వదిన అట్టపెట్టెను తెచ్చి మరిది చేతిలో పెట్టి పదిహేను రోజులైంది. ఇవాళ మధ్యాహ్నంలోగా నివేదిక పోవాలి. ఆ నివేదికలో 'పరీక్షించిన నిపుణులు' అని ఒక గడి ఉంది.

ఆ గడి మాట విన్నప్పటి నుంచీ డాక్టరుగారికి కూడు సహించలేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో వాళ్ల వంకర పాళీలు సరిచేస్తున్నాడు, ఒక్క కాగితమూ ఆయన్ని నిపుణుడు అనలేదు. పదిహేను రోజులూ ఆ గడిలో తన పేరు ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. పెట్టె మాత్రం విప్పలేదు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ గూట్లో పడేశాడు.

"ఏమయ్యా మరిదీ, నీళ్లకి ఆగుతుందా లేదా? ఒక్క ముక్క చెప్పు, రాసుకుపోతాను," అంది వదిన.

ఒక్క ముక్కట! ఏనుగునెక్కి కూర్చున్నవాణ్ణి పక్క గుమ్మందాకా దింపమన్నట్టు.

"నిదానంగా విను వదినా. మొదటిరోజు నేనేం చెయ్యలేదు. కాగితం మీద ఒక గీత గీశానంతే. గీత కొస దాకా వచ్చేసరికి మొదలు ఆరిపోయింది. సరేలెమ్మని గ్లాసు నీళ్లలో పది నిమిషాలు ముంచాను. తీసి చూస్తే ఎక్కడిది అక్కడే ఉంది."

అబద్ధం చిన్నది, పొందిగ్గా ఉంది. వదిన తల ఊపింది కూడా. అక్కడ ఆపి ఉంటే ఏమయ్యేదో గానీ, టీకొట్టావిడ పాలగిన్నె దించుతూ "ఓస్, పది నిమిషాలేనా?" అంది. ఆ 'ఓస్' వెళ్లి డాక్టరుగారికి సూదిలా దిగింది.

"అది మొదటిరోజు సంగతక్కా! రెండోరోజు బకెట్లో నానేశాను. సబ్బు పెట్టి బండకేసి ఉతికాను. ఉతికేకొద్దీ కాగితం బక్కచిక్కుతోంది, అక్షరాలు ఒళ్లు చేస్తున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాగితం కరిగి గుజ్జయిపోయింది. అక్షరాలు మిగిలాయి. ఒట్టి అక్షరాలు! చేపపిల్లల్లా బకెట్లో తిరుగుతున్నాయి. జల్లెడ పెట్టి పట్టాను."

"ఒత్తులు కూడా పడ్డాయా?" అన్నాడు బెంచీ చివర కూర్చుని చొక్కాకి గుండీ కుడుతున్న దర్జీ, నోట్లో దారం తీయకుండానే.

"మంచి మాట అడిగావు. ఒత్తులు చిన్నవి కదా, జల్లెడ కన్నాల్లోంచి జారిపోబోయాయి. ఒక్కోటీ చేత్తో ఏరాను. అన్నిటినీ తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాను. గాలి కొట్టిందా, 'ళ' ఎగిరిపోయి ఎదురింటి గోడకి అతుక్కుంది. వాళ్లు మూడుసార్లు సున్నం కొట్టారు, మూడుసార్లూ పైకి తేలింది."

"పదిహేను రోజుల్లో మూడుసార్లు సున్నమా?" అన్నాడు దర్జీ.

"పట్టుదల గల మనుషులు మరి!"

వదిన నవ్వలేదు. "రెండువైపులా రాసే పేజీలు మావి. వెనక్కి దిగుతుందా?"

"దిగడమా! మామూలు సిరాలు దిగుతాయి వదినా, ఇది పెంపకం ఉన్న సిరా. పైపెచ్చు అబద్ధం రాయదు. నా వయసు ఐదేళ్లు తగ్గించి రాయబోతే పాళీలోంచి చుక్క రాలలేదంటే నమ్ము!"

అంత సత్యసంధమైన సిరా గురించి ఆయన ఆ నోటితోనే చెబుతున్నాడు. పాళీకున్న సిగ్గు నాలుక్కి ఉండాలని ఎక్కడుంది?

"నేను రాసి పంపిన ఫలితాలు చదివి, జపాన్‌లో ఆ సిరా చేసే పెద్దాయన ఏడ్చాడట. మూడువందల ఏళ్లుగా చేస్తున్నాం, మా సిరాని ఉతికి చూసినవాడు లేడు నాయనా అన్నాడు. మనుషుల్ని వేసుకుని వచ్చేశాడు. విమానం మన వీధిలో తిరగదని మలుపులోనే ఆపారు."

"నా మిషను ఆ మలుపులోనేగా ఉంది, నాకు కనపడలేదే?" అన్నాడు దర్జీ.

"నువ్వు తలొంచుకుని గుండీలు కుడుతున్నావు! కొత్త సిరా ఒక జాడీడు తెచ్చి రుచి చూడమన్నారు. వేలితో నాలిక్కి రాసుకుని, కాస్త పలచనైంది, ఇంకో పొంగు రానివ్వండి అన్నాను. అంతే, మొత్తం జాడీ వెనక్కి పట్టుకెళ్లిపోయారు!"

వదిన టీగ్లాసు పక్కన పెట్టి, సంచీలోంచి ఒక పొట్టి సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూత చుట్టూ కాగితం పట్టీ, ఎవరూ తెంపనిది.

"ఇదేంటి వదినా?"

"జపాన్ సిరా."

"ఇంకొకటి తెప్పించారా?"

"ఒక్కటే తెప్పించారు. పరీక్ష చేసేవాళ్లు సంతకం పెట్టకుండా మా స్టోరు గుమ్మం సీసా దాటదు. నీకిచ్చింది ఒట్టి పెట్టె. 'స్టోరుకొచ్చి సంతకం పెట్టి సీసా తీసుకెళ్లు' అని లోపల చీటీ పెట్టాను. పదిహేను రోజులు మా స్టోరుకీపరు నీకోసం గుమ్మంకేసి చూశాడు. ఇందాక నేనే సంతకం పెట్టి తెచ్చాను."

పెట్టె తేలిగ్గా ఉందని ఆయనకి ఆరోజే అనిపించింది. జపాన్‌వాళ్ల పనితనం కాబోలు అనుకున్నాడు.

దర్జీ నోట్లో దారం రాలిపోయింది. వదిన మాత్రం మరిదిని తిట్టే తీరిక కూడా లేనట్టు పట్టీ తెంపి, పెన్నులో సిరా పట్టి, రిజిస్టరు కాగితం పరిచింది. చెరిగిపోయిన నలభై మందిలో మొదటి బిడ్డ పుట్టిన తేదీ రాసింది. ఆరేదాకా నూరు అంకెలు లెక్కపెట్టింది.

"అక్కా, కాగితం నేను పట్టుకుంటాను. నువ్వు పొయ్యి."

టీకొట్టావిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని, గ్లాసు నీళ్లు మెల్లగా వంచింది. నీళ్లు తేదీ మీంచి పారి బల్ల అంచున కారాయి. డాక్టరుగారు కూడా కాగితం మీదికి వంగాడు; పోయేది వదిన కుర్చీ, ఆ సంగతి ఆయనకి ఇప్పుడే తలకెక్కింది. నీళ్లలోకి పొగలాగా కాస్త రంగు వదిలింది. అంకెలు కదల్లేదు. వదిన కాగితం తిప్పింది. వెనక తెల్లగా ఉంది. ఆవిడ కళ్లు మూసుకుని హమ్మయ్య అనుకుంది.

"నేను చెప్పలా!" అన్నాడు పెన్నుల డాక్టరు.

వదిన నివేదిక తీసి, 'పరీక్షించిన నిపుణులు' అన్న గడిలో టీకొట్టావిడ పేరు రాసింది.

"అయ్యో, నేనేం చేశానమ్మా! గ్లాసు వంచానంతే!"

"ఆ మాత్రం చేసింది నువ్వొక్కదానివే అక్కా," అని వదిన రెండో గ్లాసు నీళ్లు అందించింది. "ఇంకోసారి పొయ్యి."